రింగురోడ్డు మీద ఆగిపోయిన ఒడిబియ్యం

చైనాలోని హఫే నగరంలో కార్లు హారన్ కొట్టకూడదు. ఈ మాట చెప్పగానే మా సూర్యాపేటలో అందరూ "అబ్బ, ఎంత హాయో!" అంటారు. హాయీ లేదు, పాడూ లేదు. మన దగ్గర వెనక లారీ వస్తుంటే ముందే తెలుస్తుంది, తిట్టుకుంటూ పక్కకు జరుగుతాం. అక్కడ బ్యాటరీ స్కూటర్లు చప్పుడు చేయకుండా ఫుట్‌పాత్ మీదికే వచ్చేస్తాయి. చలికాలంలో చేతులకు చలి తగలకుండా హ్యాండిల్ ముందు బొంతలాంటిది కట్టుకుంటారు. ఆ బొంత మన మోకాలికి రాసుకున్నాక గాని బండి వచ్చిందని తెలియదు. రోడ్డు దాటడానికి పచ్చమనిషి బొమ్మ పడ్డాక కూడా కుడివైపు మలుపు తిరిగే కార్లు మన మీది నుంచే పోతాయి. ఒకసారి కూరగాయల సంచితో సహా కింద పడి, "నీ కండ్లు పోయినయా?" అని గట్టిగా తిట్టాను. ఆ కారు నడిపే పెద్దమనిషి అద్దం దించి, నవ్వుతూ చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. తిట్టు అర్థం కాని ఊళ్లో తిట్టడం కూడా దండగే.

మేము ఆ ఊరికి వెళ్లడానికి కారణం బియ్యం. నా పుట్టిల్లు మిర్యాలగూడ, అత్తగారిల్లు సూర్యాపేట. మా ఆయన మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం ఏరే మెషీన్లు బాగుచేసేవాడు. నల్లగింజనూ రాయినీ కెమెరాతో కనిపెట్టి గాలితో ఊదేసే మెషీన్లవి. అవి తయారయ్యేది ఎక్కువగా హఫేలోనే. మన బియ్యం సంగతి తెలిసినవాడు ఒకడు కావాలని అక్కడి కంపెనీ ఆయన్ని పిలిపించుకుంది. మెషీన్లను సరిచూడడానికి మా వైపు మిల్లుల నుంచి బస్తాలు చైనాకు వచ్చేవి. పరీక్ష అయిపోయిన బియ్యం కొంత మా ఇంటికి చేరేది. పరాయి దేశంలో మిర్యాలగూడ బియ్యం తిన్న అదృష్టవంతులం మేమే అనుకుంటాను.

నాకు చెల్లెలైపోయిన అమ్మాయిని నేను కలిసింది అక్కడ ఓ దీపావళి విందులో. ప్లేటు పట్టుకుని ముందుకు ఉరుకుతున్న మా ఆయన్ని "జర ఆగుండ్రి" అన్నాను. వెనక నుంచి ఒక అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది.

"అక్కా, మీది నల్లగొండ వైపా?"

ఆమె అత్తగారిల్లు కోదాడ, పుట్టింది పక్కనే అనంతగిరి. భర్త ఫోన్ల తెరలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. నాకంటే పదేళ్లకు పైనే చిన్నది. మాట కొంచెం ఆంధ్రా వైపు జారుతుంది. "వస్తానక్కా, చేస్తానక్కా" అంటుంటే నేను "ఏం మాట్లాడుతవే, బెజవాడ పిల్లలెక్క" అని ఏడిపించేదాన్ని. ఆమె వెంటనే "ఎందుకే అక్కా, గిట్ల పరేషాన్ చేస్తవ్" అని నన్ను అచ్చంగా అనుకరించేది.

మా ఇల్లు నగరానికి నైరుతి కొసన, వాళ్లది ఉత్తరం కొసన. సూర్యాపేట నుంచి కోదాడకు బస్సెక్కితే మునగాలలో ఆగి జనాన్ని ఎక్కించుకున్నా గంటలో చేరతాం. అక్కడ ఒకే ఊళ్లో ఉండి గంటన్నర పట్టేది. ఫ్లైఓవర్ల మీద ఫ్లైఓవర్లు. అన్నీ బాగుంటాయి, అన్నీ నిండి ఉంటాయి. అయినా ఆదివారం వచ్చిందంటే ఎవరో ఒకరం ఫోన్‌లో కారు పిలుచుకుని బయలుదేరేవాళ్లం. ఎక్కగానే డ్రైవరు మన ఫోన్ నంబరు చివరి అంకెలు అడుగుతాడు. నాకు వచ్చిన మొదటి చైనా మాటలు ఆ అంకెలే. తరువాత నేర్చుకున్నది "ఇంకా ఎంతసేపు?" అనేది. జవాబు మాత్రం ఎప్పుడూ అర్థమయ్యేది కాదు.

ఒక ఆదివారం మా ఇంట్లో పచ్చిపులుసు అన్నం తింటూ ఆమె తన సంగతి చెప్పింది. తల్లి చిన్నప్పుడే పోయింది. తోడబుట్టినవాళ్లు లేరు. తండ్రి మరో పెళ్లి చేసుకుని ఆ ఇంటి మనిషే అయిపోయాడు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆమెకు ఒడిబియ్యం పోసినవాళ్లు లేరు. మా వైపు పెళ్లయిన ఆడపిల్లను పుట్టింటికి పిలిచి, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, రవికబట్ట కొంగులో పోసి పంపుతారు. ఆ బియ్యం అత్తగారింట్లో వండి నలుగురికీ పెడతారు. నాకు వెనక ఒక ఇల్లుంది అని నలుగురిలో చెప్పుకోవడమది. ఆమె తోడికోడళ్లకు పోసినప్పుడల్లా అత్తగారు ఈమె వైపు చూసి, "కొందరికి ఆ రాత ఉండాలిగా" అనేదట.

"ఇంతమాత్రానికి ఏడుస్తరా? నీకు తల్లిగారిల్లు నేనే. నేను పోస్తా," అన్నాను.

"నిజంగానా అక్కా?"

"మిర్యాలగూడ బియ్యమే పోస్తా. మెషీన్ల ఏరిన బియ్యం, ఒక్క నల్లగింజ ఉండదు. మీ అత్తకు చెప్పు."

ఆమె నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆ రోజు నుంచి నన్ను 'మీరు' అనడం మానేసి 'నువ్వు' అనసాగింది. అది నాకు ఎంతో బాగా అనిపించింది.

సూర్యాపేటలో ఉన్న మా అత్తకు ఫోన్ చేసి మంచిరోజు అడిగించమన్నాను. ఎవరికని ఆమె అడిగింది. చెల్లెల్లాంటి పిల్లకు అన్నాను. అంత దూరంలో ఎవరైతేనేం అనుకుందేమో, మారు మాట్లాడలేదు. పంతులు ఆదివారం చెప్పాడట. "పదకొండు లోపల పొయ్యాలె బిడ్డా. పదకొండు దాటితే వర్జ్యం. తర్వాత ఇగ మూఢం వస్తది, మంచిరోజులుండయ్," అంది. హఫేలో దొరకని కుడుకలు ఊరి నుంచి వచ్చే ఒకరి చేత తెప్పించాను. పట్టుచీర నా పెట్టెలోదే, మడత విప్పనిది.

ఆదివారం కదా, రోడ్లు కొంచెం ఖాళీగా ఉంటాయనుకున్నాం. చైనాలో పెద్ద సెలవులు వచ్చే ముందు ఒక్కోసారి ఆదివారాన్ని పనిరోజు చేసేస్తారు. మే డే సెలవుల ముందు వచ్చిన ఆ ఆదివారం అలాంటిదే. మగవాళ్లిద్దరూ పొద్దున్నే డ్యూటీకి పోయారు. ఊరంతా సోమవారంలా రోడ్డెక్కింది, పైగా వాన. ఆమె ఎనిమిదింటికే బయలుదేరింది. తొమ్మిదిన్నరకు ఫోన్ చేస్తే రింగురోడ్డు ఫ్లైఓవర్ మీద ఉంది. పదింటికి చేస్తే అక్కడే ఉంది. ముందెక్కడో కార్లు గుద్దుకున్నాయట. ఫోన్‌లో మ్యాపు చూస్తే ఆ దారి ఎరుపు కూడా కాదు, గడ్డకట్టిన నెత్తురు రంగులో ఉంది.

నేను బియ్యంలో పసుపు కలిపి, పీట వేసి, చీర పళ్లెంలో పెట్టి, కిటికీ దగ్గరికీ గుమ్మం దగ్గరికీ తిరుగుతున్నాను. పదిన్నర దాటాక నిమిషానికోసారి మ్యాపు తెరిచాను. హారన్ కొట్టడానికి వీల్లేని ఊరు కదా, అన్ని వేల కార్లు నోరు మూసుకుని నిలబడి ఉంటాయి. అదే మన మునగాల దగ్గర ఆగితే ఈ పాటికి పదిమంది దిగి, అరిచి, ఎవరో ఒకరు దారి చేసేవాళ్లు అనుకున్నాను.

పదకొండైంది. అడుగుదామని మా అత్తకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. వర్జ్యం వెళ్లాక మళ్లీ మంచి గడియ ఉందో లేదో చెప్పేవాళ్లు లేరు. తల్లి లేని పిల్లకు మొదటిసారి పోసే బియ్యం, చెడుగడియలో పోస్తే ఏమవుతుందో అని భయం వేసింది. ఆమెకే ఫోన్ చేశాను.

"టైము దాటింది చెల్లే. ఇయ్యాల వద్దు. మళ్ల మంచిరోజు చూసి పోస్తా."

"కారు కొంచెం కదిలిందక్కా. వచ్చేస్తా."

"వర్జ్యంల పొయ్యొద్దే. నీ మంచికే చెప్తున్న."

వెనక వైపర్లు చప్పుడు చేస్తున్నాయి. "సరేనక్కా, నువ్వెలా అంటే అలా," అంది. కారు తరువాతి దిగుడు దగ్గర ఫ్లైఓవర్ దిగి వెనక్కి తిరిగింది. వెనక్కి పోయే వైపు రోడ్డు ఖాళీగా ఉందట. పోయేటప్పుడు అంతసేపు పట్టిన దారి, తిరిగి ఇంటికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు.

పన్నెండింటికి మా అత్త ఫోన్ చేసింది. "పూజల కూసున్న బిడ్డా, ఫోన్ సూడలే. పోసినవా?"

"గీ టైముల పూజేంది అత్తమ్మా?"

"పొద్దుగాలనే కదా నేను పూజ చేసేది. ఇప్పుడు తొమ్మిదిన్నర గూడ కాకపాయె."

గోడ గడియారం వైపు చూశాను. పంతులు పదకొండు అన్నది సూర్యాపేట పదకొండు. చైనా గడియారం రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. ఆ తేడా నాకు తెలియనిది కాదు. ఇంటికి ఫోన్ చేసే ముందు రోజూ లెక్క వేసుకునేదాన్నే. కానీ పంతులు చెప్పిన గంట ఎక్కడైనా ఒకటే అన్నట్టు చెవిన పడింది, వర్జ్యానికి కూడా ఓ ఊరు ఉంటుందని తోచలేదు. ఇంకా గంటన్నర మంచికాలం మిగిలే ఉంది. వెంటనే ఆమెకు ఫోన్ చేస్తే, "మళ్లీ బయలుదేరనా అక్కా?" అంది. అప్పటికే చీర మార్చేసిందట. మ్యాపులో ఆ దారి ఇంకా అదే రంగులో ఉంది. ఎంత తొందరపడ్డా గంటన్నరలో చేరేది కాదు. వద్దన్నాను. పళ్లెంలోని చీరను మళ్లీ పెట్టెలో పెట్టేశాను.

మూఢం వచ్చింది. అది పోయే లోపలే ఆమె భర్త ఒప్పందం అయిపోయి వాళ్లు కోదాడకు వెళ్లిపోయారు. ఆ రోజు పసుపు కలిపిన బియ్యం పారేయలేక మా ఇంట్లో పొంగలి వండుకుని, తలా కొంచెం తిన్నాం.

నిరుడు మేమూ వచ్చేశాం. ఇప్పుడు సూర్యాపేటలోనే ఉంటున్నాం. వచ్చిన వారంలోనే ఆమెకు ఫోన్ చేశాను. "ఇగ ట్రాఫిక్ లేదు, ఏమీ లేదు. బస్సెక్కి రా. ఒడి నింపి పంపిస్తా," అన్నాను.

ఆమె గొంతు తగ్గించింది. "ఎవరింటికి అని మా అత్తయ్యవాళ్లు అడుగుతారక్కా. ఏమని చెప్పను?"

మా అత్తను కదిపి చూశాను. ఆమె ఇప్పుడు వేరే మాట మాట్లాడింది. "ఆడ ఎవ్వరు లేరు గనక సరేనన్న. ఈడ వాళ్ల కులపోళ్లు, మనోళ్లు అందరున్నరు. వాళ్లింటి పిల్లకు మనం పోసుడేంది? నాలుగు మాటలంటరు." అవి ఎవరి మీద పడే మాటలో కూడా చెప్పింది. నా మీద కాదు, ఆ పిల్ల మీదనే.

అయినా ఆగలేకపోయాను. చూసి వస్తానని చెప్పి, మిర్యాలగూడలో మా తమ్ముడి మిల్లు నుంచి తెచ్చిన బియ్యం సంచి, చీర, కుడుకలు కారులో పెట్టుకుని ఒక పొద్దున బయలుదేరాను. సందు దొరికితే ఏ గదిలోనో పసుపు కలిపి ఒక్క దోసెడైనా ఆమె కొంగులో పోద్దామని నా ఆశ. కోదాడలో వాళ్లది పెద్ద ఇల్లు. పొలాలూ వ్యాపారాలూ ఉన్నవాళ్లు, వచ్చేపోయే జనం ఎక్కువ. ఆమె అత్తగారు వరండాలోనే కూర్చుని ఉంది. నా చెల్లెలే మజ్జిగ తెచ్చి ఇచ్చింది. కొంచెం చిక్కింది. నన్ను చూసి కళ్లు మెరిశాయి కాని, దగ్గరికి రాలేదు.

అత్తగారు నన్ను మర్యాదగానే అడిగింది. "మా కోడలికి మీరేమవుతారమ్మా?"

నేను నోరు తెరిచే లోపలే ఆమె అందుకుంది. "చైనాలో పక్కపక్కనే ఉండేవాళ్లం అత్తయ్యా. అంతే. మేడంగారి వాళ్లకు బియ్యం మెషీన్ల పని ఉండి ఇటు వచ్చారంట."

మేడంగారు అంది నన్ను. పక్కపక్కనే అంది. మేము ఏనాడూ పక్కపక్కన లేము. ఊరు ఆ కొస నుంచి ఈ కొసకు వాననకా చలనకా వచ్చేవాళ్లం. అదంతా ఆ వరండాలో చెప్పడానికి వీల్లేదని ఆమెకు తెలుసు, నాకూ అర్థమైంది. నేను కూడా తల ఊపి, "అవునండి, పక్కనే," అన్నాను.

లేచేటప్పుడు బియ్యం సంగతి ఏం చేయాలో తోచలేదు. వెనక్కి తీసుకుపోవడానికి మనసు రాలేదు. "మా తమ్ముడి మిల్లు బియ్యమండి, కొత్తవి. వండుకుని చూడండి," అన్నాను. అత్తగారు సంతోషించి పనివాణ్ని కేకేసింది. అతను సంచి భుజాన వేసుకుని వెనక వాకిలి నుంచి వంటింట్లోకి పోయాడు. ఆమె స్తంభం పక్కన నిలబడి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, ఆ సంచి పోతున్న వైపే చూసింది. చీర, కుడుకలు నేను కారులోంచి తీయలేదు.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఖాళీగా ఉంది. మునగాల ఎప్పుడు దాటిందో కూడా తెలియలేదు. ఒక్క లారీ అయినా అడ్డం పడితే బాగుండు, ఇంకాసేపు ఆమె వైపున్న రోడ్డు మీదనే ఉండేదాన్ని కదా అనుకుంటూ ఇల్లు చేరాను.