గల్లాపెట్టె లేని వాకిలి

మొన్న కడపలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో మా వదిన పక్కన కూర్చున్నాను. ఆమెకు పిత్తాశయంలో రాళ్ళు. కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది. ఫినాయిలు వాసన, ఏసీ చలి, మైకులో టోకెను నంబర్లు. అద్దం వెనక కూర్చున్నతను వదిన బీమా కార్డును అటూ ఇటూ తిప్పి, "కంపెనీ నుంచి అప్రూవల్ రావాల మేడమ్, అంతదాకా అడ్వాన్సు కట్టండి" అన్నాడు. పక్క కౌంటరు దగ్గర ఇంకెవరిదో ఇంకో కంపెనీ కార్డు, అక్కడా ఇదే పాట. నాకు ఒళ్ళు మండిపోయింది. అతన్ని నాలుగు మాటలు అన్నాను కూడా. పాపం, అతనేం చేస్తాడు? అడ్వాన్సు కట్టి, వదినను లోపలికి పంపి వచ్చి కూర్చున్నాక, ఆ ఫినాయిలు వాసనలో ఉన్నట్టుండి మా డాక్టరమ్మ గుర్తొచ్చారు. ఆమె ఆసుపత్రిలోనూ ఇదే వాసన. కానీ ఆ వాకిట్లో డబ్బు కట్టించుకునే మనిషి లేడు.

ఆమె పేరు ఎస్తేరమ్మ. ఆ పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఆమె డాక్టరమ్మే. పెన్న ఒడ్డున, గండికోటకు పోయే దారిలో, చర్చివాళ్ళు ఎప్పుడో కట్టించిన చిన్న ఆసుపత్రికి ఆమె పెద్ద. కూలికి పోయే కుటుంబంలో పుట్టి, చర్చి హాస్టల్లో చదువుకుని సర్జన్ అయ్యారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరికి వినబడేది. ఆమెకు కోపం వస్తే వార్డంతా గప్‌చిప్. నేను బీకాం పూర్తిచేసి, మా నాయనతో పోట్లాడి మరీ అక్కడ ఆఫీసు పనికి చేరాను. రెడ్ల ఇంటి పిల్ల జీతానికి పోవడమేమిటని ఆయన అలక. చేరిన రోజున, "డబ్బు కట్టించుకునే చోటు ఎక్కడ మేడమ్, నేను కూర్చోవాల్సింది అక్కడేనా?" అని అడిగాను. డాక్టరమ్మ పకపకా నవ్వారు.

"ఈడ నీకు శానా పనుండాది పాపా. మందుల లెక్క చూడల్ల, జీతాల లెక్క చూడల్ల. వాకిట్లో గల్లాపెట్టె మాత్రం లేదు. నేనుండగా రాదు."

"మరి ఆసుపత్రి ఎట్లా నడుస్తుంది?"

"మేర మీద."

పంట ఇంకా కళ్ళంలో ఉండగానే వడ్రంగికి, కుమ్మరికి, క్షౌరం చేసేవారికి తలా ఇన్ని గింజలు పక్కకు తీసి ఇవ్వడం మా సీమలో పాత ఆచారం. ఆ గింజలనే మేర అంటారు. అది ఇస్తే ఏడాది పొడుగునా వాళ్ళు మన పని చేసిపెట్టాలి. మరి ఆసుపత్రికీ ఒక మేర తీస్తే ఏం పోతుంది అని డాక్టరమ్మకు తట్టింది. జబ్బు ఉన్నా లేకున్నా ప్రతి ఇల్లూ తనకు తోచినంత పోయాలి. రోగం వచ్చిన రోజున ఎవరూ ఏమీ కట్టనక్కర్లేదు. ఇంతే ఆమె సిద్ధాంతం. జొన్న కోతలు కాగానే జీపు వేసుకుని కళ్ళాల వెంట తిరిగేవాళ్ళం. ఎండకు నా ముక్కు తోలు ఊడిపోయేది, ఆమె మాత్రం పెళ్ళికి వచ్చినట్టు కళకళలాడేవారు. ఒకచోట కండలు తిరిగిన పడుచువాడొకడు అడ్డం తిరిగాడు. "నాకు ఏ రోగమూ లేదు కదమ్మా, నేనెందుకు పొయ్యల్ల?" అన్నాడు. "రోగం లేదు కదా, ఆ సంతోషానికి పొయ్యప్పా!" అన్నారు డాక్టరమ్మ. కళ్ళంలో అందరూ గొల్లున నవ్వారు. వాడు సిగ్గుపడి, అందరికంటే ఎక్కువే పోశాడు.

జీపులో తిరిగి వచ్చేటప్పుడు ఆమె నాకు విడమరచి చెప్పేవారు. చీర కొనేటప్పుడు బేరం ఆడతాం, నచ్చకపోతే ఇంకో అంగడికి పోతాం. పేగు మెలిపడిన మనిషి ఎవరితో బేరమాడతాడు? అందుకని డబ్బు సంగతి ఒంట్లో బాగున్నప్పుడే, అందరూ కలిసి తేల్చేసుకోవాలి. అందరి సొమ్మూ ఒకే చోట పడాలి, ఆసుపత్రికి ఆ ఒక్క చోటి నుంచే అందాలి. అప్పుడు మందుల కంపెనీతో బేరమాడే సత్తా కూడా వస్తుంది. ఆ వయసులో నాకు ఇదంతా సగమే ఎక్కింది. మిగతా సగం మా నాయన పుణ్యమా అని ఎక్కింది.

మా నాయనకు మోకాలి నొప్పి పట్టుకుంది. ఆయన ఆసుపత్రికి రాలేదు, జీతగాడిని పంపించాడు, డాక్టరమ్మను ఇంటికి పిలుచుకురమ్మని. ఆయన లెక్క ఆయనది. మేర పుచ్చుకున్న వడ్రంగి కబురంపితే ఇంటికి వస్తాడు, డాక్టరమ్మ ఎందుకు రాదు? ఆమె రాలేదు. మర్నాడు మా నాయన తెల్లపంచె కట్టుకుని, మీసం మెలేసుకుని, తనే దిగాడు. బెంచీ మీద ఓబులమ్మ అనే కూలామె ముందే కూర్చుని ఉంది. భర్త లేడు, పిల్లలు లేరు. కోతలయ్యాక చేలల్లో రాలిన కంకులు ఏరుకుని, వాటిలోంచే ఒక దోసెడు ఏటా ఆసుపత్రికి పోసేది. ఆమె కడుపులో గడ్డ చేతికి తగులుతోంది. డాక్టరమ్మ ఆమెనే ముందు లోపలికి తీసుకుపోయి, చాలాసేపు చూశారు. బయటికి వచ్చేసరికి మా నాయన నిప్పులు కక్కుతున్నాడు.

"ఏమమ్మా, పోయినేడు మా కళ్ళంలో బస్తాలకు బస్తాలు పోస్తిమే, అప్పుడే మర్చిపోతివా?"

"యాడ మర్చిపోతాను పెద్దాయనా? ఆ జొన్నలు ఈయమ్మ కడుపులో గడ్డకు పోసినావు. నీ మోకాలికి వేరేవాళ్ళు పోసినారులే. పోయి కూర్చో, పిలుస్తా."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా నాయనకు ఎదురు మాట్లాడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆయన నా వైపు ఉరిమి చూసి, వెళ్ళి కూర్చున్నాడు. ఓబులమ్మకు డాక్టరమ్మ మందులిచ్చి, "ఒంట్లో రక్తం లేదు మే నీకు. ఇవి మింగి, ఉగాది పోయినాక రా. గడ్డ తీసేస్తా. రాకపోతే మాత్రం బతకవు, చెప్తాండా" అని పంపించారు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. జొన్న మోకాలెత్తులోనే మాడిపోయింది. కళ్ళాలు ఊడ్చే పని కూడా లేకపోయింది. జబ్బులు మాత్రం రెండింతలయ్యాయి. మందుల గది ఖాళీ అవుతుంటే డాక్టరమ్మ అన్నం సరిగ్గా తినేవారు కాదు. ఒకరోజు మందుల చీటీలు ముందేసుకుని, నాతో కాక తనతోనే అన్నట్టు అన్నారు: "శానా చిన్నగా ఆలోచించినాను పాపా. కరువొస్తే మనకందరికీ ఒకే తూరి వస్తాది. ఎండిపోయినోడికి ఎండిపోయినోడు ఏం పెడతాడు? గోదారి పక్క పండుతాంది, పట్నాల్లో దుడ్లు ఆడతాండాయి. దేశం మొత్తానికి ఒకే మేర ఉండల్ల. దాన్ని వసూలు చేసేది నా జీపుతో అయ్యే పని కాదు, పన్నుతో సర్కారు చెయ్యల్ల."

మోకాలు చూపించుకోవడానికి వచ్చిన మా నాయన అక్కడే ఉన్నాడు. "సర్కారా? బాగా చెప్తివి! సర్కారు ఆసుపత్రిలో మంచానికి ఇద్దరు పడుకోనుండారు" అన్నాడు. డాక్టరమ్మ ఠక్కున అందుకున్నారు: "నీలాంటోళ్ళంతా కర్నూలు ప్రైవేటుకు పోతాండారు కాబట్టి అట్లుండాది పెద్దాయనా. నువ్వు కూడా ఆ మంచం మీదే పడుకోవల్ల అంటే, నీ అరుపులకు మంత్రి కూడా పరిగెత్తుకోని వస్తాడు." మా నాయనకు నవ్వు వచ్చేసింది. ఆపుకోలేకపోయాడు.

చర్చి కమిటీవాళ్ళు వచ్చి కూర్చున్నారు. కరువు తీరేదాకానైనా వాకిట్లో కౌంటరు పెట్టాల్సిందే అన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఆసుపత్రి మూతపడుతుందని వాళ్ళ భయం. డాక్టరమ్మ వాదించి వాదించి ఓడిపోయారు. నిరుపేదలను చూసీ చూడనట్టు, డబ్బు అడగకుండా లోపలికి పంపించేయవచ్చు అని ఒక మాట మాత్రం ఒప్పించారు. వడ్రంగి వచ్చి గేటు పక్కన బల్ల బిగించాడు. దాని వెనక కుర్చీ నాది.

ఉగాది వెళ్ళింది. ఓబులమ్మ రాలేదు. డాక్టరమ్మ రోజూ అడిగేవారు. ఒకరోజు మా వాచ్‌మన్ చెప్పాడు: "ఆయమ్మ వచ్చింది కదమ్మా. గేటు కాడ నిలబడి బల్లనే చూసింది. ఎనక్కి తిరిగి పోయింది." ఎవరూ పొమ్మనలేదు. నేనసలు ఆమెను చూడనేలేదు. డాక్టరమ్మ మొహం చూస్తే నాకు భయం వేసింది. చెప్పులైనా సరిగ్గా వేసుకోకుండా జీపెక్కారు. నేనూ పరుగెత్తి ఎక్కాను.

ఓబులమ్మ తన పూరి కొట్టంలో చాప మీద ముడుచుకుని పడుకుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయింది, లేవలేకపోయింది.

"వచ్చి ఎందుకు తిరిగి పోతివి మే?" అన్నారు డాక్టరమ్మ.

"ఈ ఏడు మేర పొయ్యలేదు కదమ్మా. ఏరుకుందామంటే చేన్లో ఒక్క కంకి లేకపాయ. ఏ మొగం పెట్టుకోని వచ్చేది?"

డాక్టరమ్మ ఆ మట్టి నేల మీద చతికిలబడ్డారు. అంత గట్టి మనిషి ఏడవడం నేను చూసింది అదొక్కసారే. బస్తాలు పోశాను కాబట్టి నా ఇంటికి రావాలని మా నాయన అనుకున్నాడు. పోయలేకపోయాను కాబట్టి చావాలని ఓబులమ్మ అనుకుంది. తను మేర అన్న పేరుతో అడగడం వల్లే ఇద్దరూ వైద్యాన్ని కొనుక్కునే సరుకనుకున్నారని ఆమెకు అక్కడే తెలిసిపోయింది. ఓబులమ్మ చెయ్యి పట్టుకుని, "నువ్వు పోసినా, పొయ్యకున్నా ఆసుపత్రి నీదే. ఈ నేల మీద పుట్టినావు, అది చాలు. లెయ్" అన్నారు. ఇద్దరం రెండు పక్కలా పట్టి జీపులో పడుకోబెట్టాం.

ఆపరేషన్ చేశారు. ఓబులమ్మ చాలా ఏళ్ళు బతికింది. బల్ల మాత్రం గేటు దగ్గరే ఉండిపోయింది. ఆ తర్వాత డాక్టరమ్మ ఏ సభకు పిలిచినా వెళ్ళి, దేశమంతటికీ ఒకే ఖజానా, ఏ ఆసుపత్రికైనా డబ్బు అక్కణ్ణుంచే అందాలి అని చనిపోయేదాకా చెబుతూనే ఉన్నారు. ఇప్పుడు ఆ మాట నేను చెబుతున్నాను. నేనిప్పుడు ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తున్నాను. లెక్కలు తెలిసినదానివి, అంత ఖర్చు దేశం మోయగలదా అని నన్ను అడుగుతారు. మోయగలదు. ఇన్ని కంపెనీలను, ఇన్ని కౌంటర్లను మోస్తున్న దేశం ఇదెందుకు మోయలేదు? కానీ నేను లెక్కలతో మొదలుపెట్టను. ఓబులమ్మ ఆ చాప మీద పడుకుని అన్న మాట చెబుతాను. జబ్బుపడిన మనిషి ఒక్కరైనా, ఏ మొగం పెట్టుకోని వచ్చేది అంటూ ఆసుపత్రి గేటు నుంచి తిరిగిపోతున్నంత కాలం నేను నోరు మూసుకోను.