నా రాతకు నా లైకు

నా రాతను నేనే లైక్ చేసుకుంటాను. పోస్టు పెట్టగానే మొదట నొక్కేది నేనే. ఇందులో దాచిందేమీ లేదు. నొక్కినవాళ్ల పేర్లు తెరిచి చూస్తే నా పేరు ఉంటుంది. ఉండాలనే నొక్కుతాను.

నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. మాది తరాలుగా పుదుచ్చేరిలో పాతుకుపోయిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. బడికి పోయినవాళ్లు చదివింది కూడా తమిళమే. నాకు ఆ బడి కూడా లేదు. సేదరపేట్‌లో ఒక సబ్బుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసి రిటైరయ్యాను. మా మేడ మీద అద్దెకు దిగిన యానాం టీచరమ్మ, సాయంత్రాలు ఊరికే కూర్చుంటున్నారని పలక కొనిచ్చి నాకు తెలుగు నేర్పింది. ఫోన్లో ఆ అక్షరాలు ఎలా కొట్టాలో చూపించింది కూడా ఆమే. ఊళ్లో తెలుగువాళ్లకు ఒక ఆన్‌లైన్ గ్రూపు ఉంటే అందులో చేర్చింది.

ఆ గ్రూపు కథ విచిత్రం. పాతవాళ్లం తెలుగు మాట్లాడతాం, చదవలేం. ఆంధ్ర నుంచీ యానాం నుంచీ వచ్చిన ఉద్యోగస్థులు చదవగలరు, కానీ మా బతుకుల గురించి చదివే ఓపిక వాళ్లకు లేదు. నేను ఫ్యాక్టరీ బస్సు గురించి మొదటిసారి రాసినప్పుడు దాని కింద చాలా రోజులు నా లైకు ఒక్కటే ఉంది.

అప్పుడు మా ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని ఇరుగుపొరుగు ఆడవాళ్లకు దాన్ని చదివి వినిపించాను. వాళ్లలో సగం మంది ఆ బస్సులో నాతో పాటు తిరిగినవాళ్లే. విని, నవ్వి, ఒకావిడ ఫోను ముందుకు చాపింది.

"యాడ నొక్కాల అక్కా?"

"నా ఫొటో ఉంది గదా, దాని కింద బొటనవేలు బొమ్మ."

అప్పటినుంచి అదే పద్ధతి. నేను చదువుతాను, వాళ్లు వింటారు, నచ్చితే నొక్కుతారు. నచ్చకపోతే "ఇది సాగదీసినావు అక్కా" అని ఫోను కొంగులో చుట్టేసుకుంటారు. ఒకసారి ఒకావిడ నా ఫొటో అనుకుని ఎవరో పోయారన్న కబురు మీద ఎర్ర గుండె నొక్కింది. చనిపోయినామె నాలాగే కళ్లద్దాలు పెట్టుకుని ఉంది. "అయ్యో, ఇప్పుడు వాళ్లింటికి పోయి చెప్పుకోవాల్నా ఏంది?" అని ఆమె, "నేను పోయినప్పుడు మటుకు సరిగ్గా నొక్కు" అని నేను.

ఈ ఏడు తెలుగు సంఘం ఉగాదికి ఒక చిన్న పుస్తకం వేస్తామంది. గ్రూపులో ఎక్కువమందికి నచ్చిన రాతలు అందులో అచ్చవుతాయి. నా బస్సు రాత వాటిలో ఉందని తెలిసి వీధంతా చెప్పుకున్నాను. నా మాటలు కాగితం మీద అచ్చులో చూసుకోవాలని నాకు ఎంత ఉండిందో ఇప్పుడు కూడా చెప్పడం కష్టం.

గ్రూపు నడిపే పెద్దమనిషి లాస్‌పేటలో ఉంటారు. ఆంధ్ర నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు. ఆయన ఫోన్ చేశారు.

"మామ్మగారూ, చిన్న విషయమండీ. మీ పోస్టుకు మీరే లైక్ కొట్టుకున్నారు. కమిటీలో నవ్వుతున్నారు. దాని మీద ఇంకోసారి నొక్కితే పోతుంది, తీసేయండి."

"ఎందుకు సార్ తీసేది? నాకు నచ్చింది."

"మీకు నచ్చుతుందిలెండి, మీరే రాశారు కాబట్టి."

"ఎలక్షన్లో నిలబడినాయన ఓటు ఎవురికి ఏస్తాడు సార్?"

"అది వేరండీ. ఓటు రహస్యం."

"నాది రహస్యం గూడా కాదు గదా."

ఎవరి రాతకు వాళ్లు నొక్కుకుంటూ పోతే ఆ లెక్కకు విలువ ఏముంటుంది అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. అయితే లైకులు కూడేటప్పుడు నాది వదిలేసి కూడండి అన్నాను. కూడినా మానినా మీ రాత పుస్తకంలోకి వస్తుందండీ, చూసేవాళ్లకు బాగుండదని చెబుతున్నాను, ఆ లైకు ఉంటే మటుకు కమిటీ ఒప్పుకోదు అన్నారు. అంటే గొడవ లెక్కతో కాదు. ముసలిది తన పని బాగుందని పైకి అనకూడదు, అంతే.

మా అమ్మాయి విని తల కొట్టుకుంది.

"ఏంది మా నువ్వు. తీసిపారేయ్. కావాలంటే ఇంకో పేరు పెట్టి అకౌంట్ తెరిచిస్తా, దాంట్లో నొక్కుకో. ఎవురికి తెలుస్తది? అందరూ చేసేదే."

"ఇంకో పేరుతో నన్ను నేను పొగుడుకుంటే అది దొంగపని. నా పేరుతో అంటే నా మాట."

"పుస్తకంలో చూసుకోవాలని అంత ఆశపడితివే మా."

ఆశ నిజమే. ఫోను తీసి ఆ రాతను మళ్లీ మొదటినుంచి చదివాను. ఎంత కడిగినా చేతికి సబ్బు వాసన పోక, ఆ చేత్తోనే పెరుగన్నం తినడం గురించి రాసిన చోట ఆగాను. బాగుంది. ఫ్యాక్టరీలో పెట్టె మూసేముందు, ఇది నేను చూశాను అని మా నంబరు చీటీ మేమే లోపల వేసేవాళ్లం. సూపర్‌వైజరు చూడడం ఆ తర్వాతి సంగతి. చీటీ లేని పెట్టెను ఆయన తిప్పి పంపేవాడు, చేసిన మనిషికే నమ్మకం లేకపోతే నేనెందుకు చూడాలి అని.

మరుసటి రోజు నేనే ఫోన్ చేశాను. "తీయను సార్. పుస్తకంలో నా రాత వదిలేయండి."

వదిలేశారు.

పుస్తకం విడుదల వైట్ టౌన్‌లో ఒక హాల్లో జరిగింది. పోవద్దని మా అమ్మాయి అంది. నేనెందుకు మానాలి? పోయి ముందు వరసలో కూర్చుని, పుస్తకం తీసుకుని, కూడబలుక్కుంటూ చదివాను. అందులో ఆఫీసరుగారు బదిలీల మీద బదిలీలుగా తిరిగిన ఇళ్ల గురించి రాశారు. టీ దగ్గర ఆయనే వచ్చి పలకరించారు.

"మీ రాత బాగుంది సార్," అన్నాను. "మీరు నొక్కుకుంటిరా?"

"లేదండీ."

"బాగుందని మీకు తెలీదా ఏంది?"

"తెలుసు మామ్మగారూ. మనంతట మనం చెప్పుకోకూడదు కదా."

"ఎందుకని?"

ఆయన నోరు తెరిచేలోగా మైకులో పిలిచారు. వేదిక మీద ఇంకొకాయన ఆ రాతను పొగుడుతుంటే, ఈయన తల వంచుకుని, ముఖంలో ఏమీ కనబడనీయకుండా నిలబడ్డారు. ఎంత కష్టపడుతున్నారో నాకు ముందు వరసలోంచి తెలుస్తూనే ఉంది. నేను చప్పట్లు కొట్టాను. రాత నిజంగానే బాగుంది.