నీలోళ్ల నడుములు

1996 జూన్‌లో నన్ను బెంగళూరు యూనిట్ నుంచి హిందూపురానికి బదిలీ చేశారు. హోదా పెయింటింగ్, అసెంబ్లీ సెక్షన్ల ఇన్‌ఛార్జి. మాది ప్లాస్టిక్ బొమ్మల కంపెనీ. ఒక విదేశీ సంస్థ దగ్గర లైసెన్సు తీసుకుని, వాళ్ల అచ్చులతోనే సైనికుల బొమ్మలు తయారుచేసేవాళ్లం. అరచేతిలో ఇమిడేంత బొమ్మ. మెడ, భుజాలు, మోచేతులు, మోకాళ్లు అన్నీ కదిలేవి. నా సొంత ఊరు పెనుకొండ కావడంతో ఇంటి దగ్గరే ఉండి, రోజూ ప్యాసింజర్ రైల్లో వచ్చిపోయేవాణ్ణి.

ఆ బొమ్మల్లో రెండు పక్షాలుండేవి. మంచి పక్షంలో ప్రతి వీరుడికీ సొంత అచ్చు, సొంత ముఖం, ఒక పేరు, బొమ్మను అంటించి అమ్మే అట్ట వెనక అచ్చువేసిన కథ. శత్రుపక్షంలో నాయకులకు కూడా పేర్లున్నాయి. ఏమీ లేనిది శత్రువుల కాలిబంటుకే. నీలం దుస్తులు, ఇనుప టోపీ, ముక్కూ నోరూ మూసేసిన నల్లగుడ్డ. కనిపించేవి కళ్లు మాత్రమే. ఒకే అచ్చులోంచి ఎన్ని వేలమంది వచ్చినా అందరూ ఒకడే. కాగితాల మీద అతనికి ఒక కోడ్ ఉండేది కానీ మా సెక్షన్‌లో ఆడవాళ్లు ఆ కోడ్ ఎప్పుడూ పలకలేదు. 'నీలోడు' అనేవాళ్లు. నెల తిరక్కుండానే నేనూ అదే అనడం మొదలుపెట్టాను.

పని పద్ధతి ఇలా ఉండేది. నీలం ప్లాస్టిక్ గింజల్ని కరిగించి అచ్చులో పోయడం మోల్డింగ్ వాళ్ల పని. ఆ ముక్కలు మా దగ్గరికి వచ్చాక, రంగు పడాల్సిన చోట మాత్రమే తెరిచి ఉండే రేకు తొడుగులో ఇరికించి, గుడ్డకూ బూట్లకూ నల్లరంగు స్ప్రే చేసేవాళ్లం. కళ్లకు మాత్రం తొడుగు పనిచేయదు. సన్నకుంచెతో చేత్తోనే పెట్టాలి. ఆ కుంచెపని చేసేవాళ్లలో ఇద్దరి గురించి చెప్పాలి. లక్ష్మీదేవి అగళి నుంచి వచ్చి హిందూపురంలో స్థిరపడిన మనిషి, నలభై దాటిన వయసు, మాటల్లో సగం కన్నడం. షంషాద్ మా పెనుకొండ అమ్మాయే. పెళ్లయిన నాలుగేళ్లకు, భర్త సైకిలు షాపు మూతపడ్డాక పనిలోకి వచ్చింది. ఇద్దరూ టెంపరరీలే. ఆ సెక్షన్‌లో దాదాపు అందరూ టెంపరరీలే.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఆ గది ఎలా ఉండేదో ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది. రేకుల కప్పులో అక్కడక్కడా అద్దాలు బిగించి ఉండేవి. వాటిలోంచి దిగే ఎండలో రంగు తుంపర పొగమంచులా తేలుతూ ఉండేది. కంప్రెసర్ ఒకే శ్రుతిలో మోగుతుంటే ఆ మోత కాసేపటికి చెవికి వినిపించకుండా పోయేది. ఆరబెట్టే చట్రాల మీద నీలోళ్లు వరసలు వరసలుగా నిలబడి ఉండేవాళ్లు. వాసన పడక ఆడవాళ్లు ముక్కు మీదుగా గుడ్డలు కట్టుకునేవాళ్లు. ఎదురుగా వచ్చేది ఎవరో కళ్లు చూసి పోల్చుకోవాల్సిందే. ఒక్కోసారి గుమ్మంలో నిలబడి, నిద్రలోంచి సగం లేచిన మనిషిలా, కాసేపు ఏమీ చేయకుండా చూస్తూ ఉండిపోయేవాణ్ణి.

చిక్కు అమ్మకాల్లో వచ్చింది. డీలర్లకు పంపే ప్రతి పెట్టెలో వీరులూ నీలోళ్లూ ఒక నిష్పత్తిలో ఉండాలన్నది లైసెన్సు నిబంధన. ధర అందరికీ ఒకటే. దుకాణాల్లో వీరులు అమ్ముడైపోయేవాళ్లు, నీలోళ్లు మిగిలేవాళ్లు. డీలర్లు వాళ్లను వాపసు పంపడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది వేసవికల్లా మా రేకుల గోడౌన్ సగం నీలోళ్లతో నిండిపోయింది.

ఆ ఎండలకు ఇంకొక నష్టం జరిగింది. ఈ బొమ్మ మొండెం రెండు చెక్కలుగా ఉంటుంది, వీపు మీద ఒకే ఒక స్క్రూ వాటిని కలుపుతుంది. లోపల చిన్న రబ్బరు రింగు ఒకటి కాళ్ల కొక్కేన్ని పైకి లాగి పట్టుకుంటుంది. నడుము వంగినా, తిరిగినా ఆ రింగు బలం మీదే. గోడౌన్ వేడికి రింగులు పెళుసెక్కి తెగిపోయాయి. పెట్టె తెరిచి ఒకణ్ణి ఎత్తితే పైసగం చేతిలోకి వచ్చేది, కాళ్లు పెట్టెలోనే ఉండిపోయేవి.

హెడ్డాఫీసు నుంచి ఆదేశం వచ్చింది. నిల్వ మొత్తాన్ని గ్రైండర్‌లో వేసి గింజలుగా మార్చాలి. కాలిబంటు తయారీ ఆపేయాలి. మా సెక్షన్‌కు పని దొరికేది ఎక్కువగా నీలోడి వల్లే. వాడు లేకపోతే టెంపరరీలను ఇంటికి పంపించడం తప్ప వేరే దారి లేదు. ఆదేశం నా చేతికి వచ్చిన వారంలోనే నలుగురిని రిలీవ్ చేయమన్నారు. చేశాను.

మరునాడు షంషాద్ నా బల్ల దగ్గరికి వచ్చింది. ముఖానికి కట్టిన గుడ్డ విప్పలేదు.

"నీలోళ్లనంతా నలిపేస్తారంట, నిజమేనా సార్?"

ఆదేశమైతే వచ్చిందని చెప్పాను.

"దుడ్లు పోతాయని కాదు సార్ నేను అడిగేది. గడప దాటి బయటికి వచ్చేకి నాకు నాలుగేండ్లు పట్టింది. ఇప్పుడు లోపలికి పోతే ఇంగ బయటికి రానీరు."

ఆమె అత్తవారిల్లు నాకు తెలుసు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, అయినా ఆమె చెప్పింది నిజం. చూద్దామమ్మా అన్నాను. ఆ మాటకు అర్థం లేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

సరుకు నాశనం చేసేముందు డీలర్ల దగ్గర మిగిలినదాన్ని ఒక అధికారి స్వయంగా చూసి ధ్రువీకరించాలి. అదీ లైసెన్సు షరతే. అలా నేను ధర్మవరం వెళ్లాను. అక్కడి డీలరు నాగభూషణం. పట్టుచీరల అంగళ్ల మధ్య ఇరుకైన ఫ్యాన్సీ దుకాణం. నేను పెట్టెలు విప్పి చూస్తుంటే ఆయన పక్కనే నిలబడి మొత్తుకున్నాడు.

"వాపసు పంపేకి నాకేమన్నా సరదానా సార్? ఒగ బొమ్మ కొనిచ్చేకే మొగ్గంపనోళ్లు పది తూర్లు ఆలోచన చేస్తారు. అదే రేటుకి పేరున్నోడు వస్తాంటే పేరు లేనోణ్ణి ఎవురు కొంటారు చెప్పండి?"

ఆయన తప్పు ఏమీ లేదు. భోజనానికి వాళ్ల ఇంటికి రమ్మన్నాడు. ఇల్లు నేతవాళ్ల వీధిలో. ఎండ దంచేస్తోంది. వీధి మొత్తం నిద్రపోతున్నట్టే ఉంది కానీ ప్రతి గుమ్మంలోంచీ మగ్గం చప్పుడు వస్తూనే ఉంది. అది విని విని మత్తు వచ్చేలా ఉంటుంది. ఆయన ఇంటి పక్క అరుగు మీద, చూరు నీడలో, ఐదారుగురు పిల్లలు కూర్చుని ఆడుకుంటున్నారు. నేను ఆగిపోయాను.

అరుగుకు ఒక చివర మా వీరుడు నిలబడి ఉన్నాడు. బూట్ల రంగు అరిగిపోయింది. వాడికి ఎదురుగా, అరుగు పొడవునా, మగ్గంపనిలో దారం చుట్టుకునే ఖాళీ కండెలు నిలబెట్టి ఉన్నాయి. ప్రతి కండెకూ నీలం పట్టుదారం చుట్టి, పైన కాటుకతో రెండు చుక్కలు పెట్టారు. కదలకుండా, వరస తప్పకుండా, అవి ఆ ఎండవేళ వీధిని కాపలా కాస్తున్నట్టు నిలబడ్డాయి. మా ఆరబెట్టే చట్రాల ముందు నిలబడినట్టే అనిపించింది. నేను ఎక్కడున్నానో ఒక్క క్షణం మర్చిపోయాను.

వాళ్లలో పెద్ద పిల్ల, పేరు సుజాత. బొమ్మ ఆ పిల్లదే. ఈ కండెలు ఏమిటమ్మా అని అడిగాను.

"దండు."

"అంగట్లో నీలం బొమ్మ ఉంది కదా, అది కొనుక్కోలేదా?"

నన్ను చూసి జాలిపడినట్టు నవ్వింది. "ఒగడు వస్తే దండు అవుతాదా సార్? మా నాయన ఒగటే కొనిస్తానన్న్యాడు. అందుకే వీణ్ణి కొన్న్యా. దండు లేకుండా వీడు ఎవురితో కొట్లాడల్ల? అందుకని మా అవ్వ దగ్గర కండెలు అడుక్కోనొస్తి."

లోపలి నుంచి ఆ అవ్వ గొంతు వినిపించింది. "పొద్దుగుంకేలోపల నా కండెలు నాకు తెచ్చియ్యల్ల పాపా!"

నాగభూషణం ఇంట్లో భోజనం చేశాను కానీ ఏం తిన్నానో గుర్తులేదు. పిల్లలకు నీలోడు అక్కర్లేకపోవడం కాదు, ఒక్క నీలోడు అక్కర్లేదు. మేమేమో వాణ్ణి వీరుడిలాగే అట్ట మీద ఒంటరిగా అంటించి, వీరుడి ధరకే అమ్ముతున్నాం.

హిందూపురం తిరిగి వచ్చి వర్క్స్ మేనేజరుగారికి ఒక ప్రతిపాదన చెప్పాను. తెగిన రింగులు మార్చి, అట్టా, బొమ్మతో ఇచ్చే చిన్న తుపాకీ లేకుండా, అరడజను నీలోళ్లను మామూలు కవరులో వేసి తక్కువ ధరకు ఇద్దాం అని. ఆయన అనుభవజ్ఞుడు, తొందరపడే మనిషి కాదు. పిల్లలు ఆడుకోవడం వేరు, వాళ్ల నాయనలు కొనడం వేరని అన్నారు. అట్ట లేకుండా అమ్మాలంటే లైసెన్సు ఇచ్చిన సంస్థ అనుమతి కావాలని గుర్తుచేశారు. చివరికి అనుమతి అడుగుతానన్నారు. ఈలోగా ఉన్న మనుషులతోనే రిపేరు మొదలుపెట్టుకోమన్నారు. అనుమతి రాకపోతే రిపేరైనవి కూడా గ్రైండర్‌కే పోతాయన్న షరతు మీద. ఆ షరతును సెక్షన్‌లో అందరికీ చెప్పాను. పని దండగైపోవచ్చని తెలిసే వాళ్లు మొదలుపెట్టారు.

ఆ ఎండాకాలమంతా మా సెక్షన్‌లో రంగు వాసన లేదు. కుంచెలు పక్కన పెట్టి చిన్న స్క్రూడ్రైవర్లు పట్టుకున్నారు. వీపు స్క్రూ విప్పడం, చెక్క ఎత్తడం, తెగిన రింగు సన్న పట్టకారుతో తీయడం, కొత్తది కొక్కేనికి తగిలించడం, మూయడం. బల్లల మీద ఒకపక్క నీలం మొండేలు, ఒకపక్క కాళ్లు. ఫ్యాను గాలికి పాత రింగుల ముక్కలు నేలంతా దొర్లేవి. మాటలు కూడా తగ్గిపోయాయి. లక్ష్మీదేవి మాత్రం ఒక్కొక్కణ్ణీ మూసేటప్పుడు పసిబిడ్డకు స్నానం చేయించి లేపినట్టు నడుం రెండుసార్లు వంచి చూసి, "ఊఁ, లెయ్యప్పా. నిలబడు" అనేది.

ఒక ఉదయం రైలు దిగి ఫ్యాక్టరీ వైపు నడుస్తుంటే, అదే రైల్లో వచ్చే షంషాద్ తనకు వచ్చిన కల చెప్పింది. పెనుకొండ కోట గోడ పొడుగునా, కొండ కింది నుంచి పైదాకా, నీలోళ్లు నిలబడి ఉన్నారట. మనుషులంత ఎత్తున. ఆమె వాళ్ల మధ్యగా ఎక్కుతూ పోతోందట.

"భయం కాలేదా?" అని అడిగాను.

"ఎందుకు సార్ భయం? అందరి కండ్లూ నేను పెట్టినవే కదా. ఈడేం చేస్తాండారు అని అడిగితిని. ఎవురూ పలకల్యా. ఊరికే పక్కకి జరిగి నాకు దావ ఇచ్చినారు." కాసేపు నడిచాక, "పైకి పోయేలోపల మెలకువైపాయ" అంది.

అనుమతి వానలు మొదలయ్యాక వచ్చింది. ఒక షరతు పెట్టారు. కవరు మీద వీరుల బొమ్మ ఉండకూడదు. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. మొదటి కవర్లు ధర్మవరానికే పంపాం, తర్వాత పెనుకొండ, కదిరి, అనంతపురం. అద్భుతమేమీ జరగలేదు. నాగభూషణం తీసుకున్న సరుకు దసరాకు ముందే అయిపోయి, మళ్లీ అడిగాడు. కొన్ని ఊళ్లలో మందకొడిగా పోయింది, ఒకరిద్దరు డీలర్లు అసలు తీసుకోలేదు. మొత్తమ్మీద గోడౌన్ ఖాళీ అయింది. మేము ఊహించని సంగతి ఒకటి జరిగింది. ఇంటికి దండు వచ్చాక పిల్లలు రెండో వీరుణ్ణి అడగడం మొదలుపెట్టారు. హెడ్డాఫీసు నీలోడి అచ్చును మళ్లీ మెషీన్ మీదికి ఎక్కించమంది. కుంచెలు మళ్లీ బయటికి వచ్చాయి.

రిలీవ్ చేసిన నలుగురికీ కబురు పంపాను. ఇద్దరు వచ్చారు. ఒకామె అప్పటికే బత్తలపల్లి వైపు పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. ఇంకొకామెను ఇంట్లోవాళ్లు పంపలేదు. కబురు తీసుకెళ్లింది షంషాదే. తిరిగి వచ్చి, "గడపలోనే నిలబడి మాట్లాడింది సార్" అని మాత్రం చెప్పి తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ బొమ్మలు ఇంకో ఐదారేళ్లు నడిచాయి. 2003లో లైసెన్సు గడువు ముగిసింది, విదేశీ సంస్థ పొడిగించలేదు, అచ్చులు పెట్టెల్లో సర్దుకుని తీసుకెళ్లిపోయారు. అప్పటికి షంషాద్ పర్మనెంటు అయి, లైన్ లీడరు హోదాకు వచ్చింది. ఆ అనుభవం చూపించి హిందూపురంలోనే ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేరింది. లక్ష్మీదేవి అగళికి వెళ్లిపోయి గొర్రెలు పెట్టుకుంది. నన్ను వేరే యూనిట్‌కు మార్చారు.

ప్రొడక్షన్‌లో పనిచేసేవాడికి అమ్మకాల కాగితం ఒక వస్తువు పోతోందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది, ఎందుకన్నది చెప్పదు. ఆ ఎందుకన్నది తెలుసుకోవాలంటే అది వాడేచోటికి వెళ్లి నిలబడాలి. ఆ తర్వాత నా సర్వీసులో ఏ వస్తువు ఆపమని ఆదేశం వచ్చినా, సంతకం పెట్టేముందు ఒకసారి అలా వెళ్లి చూసి వచ్చేవాణ్ణి. చాలాసార్లు ఆపడమే సరైనదని తేలింది. అప్పుడు ఆపేశాను.