దర్వాజ కొట్టిండా?

నిన్న సాయంత్రం సిద్దిపేట బస్టాండు వెనక సందులో ఎవరింట్లోనో తాలింపు లేకుండా ఉత్త టమాటాలో వెల్లుల్లి దండిగా వేసి మగ్గబెడుతున్నారు. ఆ వాసన తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. ఈ ఊళ్లో నాకు తెలిసి ఆ వంట ఒక్కరే చేసేవారు, ఎల్లయ్య పెద్దనాయిన. మస్కట్‌లో ఇటలీ కంపెనీ క్యాంపు మెస్సులో ఏళ్ల తరబడి వంటపని చేసొచ్చిన మనిషి. ఆయన పోయి రెండేళ్లయింది.

నేను మిరుదొడ్డి నుంచి వచ్చి జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతూ వాళ్ల మేడ మీద కిరాయికి ఉండేదాన్ని. కింద ఇంటికి నడుమ గోడ కట్టారు. అవతల తమ్ముడు మల్లేశం. అన్నదమ్ములకు అప్పటికే పదకొండేళ్లుగా మాటల్లేవు. అంటే నోరు మూసుకుని ఉంటారనుకునేరు! తమ్ముడి మేక వాకిట్లోకొస్తే పెద్దనాయిన దానికే చెప్పేవారు: "ఏమే, నల్లా బంద్ చెయ్యమని చెప్పు మీవోళ్లకు. నీళ్లన్నీ మోరీల వోతున్నయ్." గోడ అవతలి నుంచి మల్లేశం కూడా మేకకే జవాబిచ్చేవాడు: "మాకు గూడ కండ్లున్నయని చెప్పే." ఇంతకీ గొడవేమిటని ఒకసారి అడిగాను. "కన్న అవ్వ సచ్చిపోతే నేను రాలే బిడ్డా. కంపెనోళ్లు సెలవియ్యలే. వాడు నమ్మలే" అన్నారు.

క్యాంపులో గురువారం సాయంత్రాలు గోడకు దుప్పటి కట్టి ఇటలీవాళ్ల పాత సినిమాలు వేసేవారట. ఈయనకు భాష ముక్క రాదు. "చేతులు జూస్తే సాలు బిడ్డా, వాళ్లు నోటితోటి మాట్లాడరు" అంటూ ఐదు వేళ్లూ ముడిచి ఊపి చూపేవారు. మన సినిమాల్లో నవ్వు ఒకచోట, ఏడుపు ఒకచోట. వాళ్లకు రెండూ ఒకే పళ్లెంలో. హీరో ఓడిపోతాడు, పెళ్లి పెటాకులవుతుంది, చూసేవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతారు, ఇంటికెళ్లాక నిద్ర పట్టదు.

వాటిలో ఒకటి ఆయన్ని వదల్లేదు. ఒకే సెలూన్, రెండు కుర్చీలు, మాటల్లేని అన్నదమ్ములు. గడ్డానికి నురగ పెట్టుకుని, మెడ మీద కత్తి ఉండగానే, పాపం గిరాకీకొచ్చినవాడు ఒకరి మాట ఒకరికి చేరవేయాలి. చివర్లో అన్న తమ్ముడి గుమ్మం ముందు నిలబడి తలుపు కొట్టడానికి చెయ్యెత్తుతాడు. సరిగ్గా అప్పుడే వంటమేస్త్రీ ఉల్లిగడ్డలు కోయమని ఈయన్ని పిలిచాడు.

"కొట్టిండా? వాడు తీసిండా? గదొక్కటి తెల్వలే బిడ్డా. క్యాంపుల ఇటలీ ఇంజినీర్ను అడిగితే నవ్విండు, కండ్లు తుడుసుకున్నడు. ఏమనుకోవాలె?"

నా నోరు ఆగితే కదా! "నువ్వే వోయి మల్లేశం చిన్నాయిన దర్వాజ కొట్టరాదు!" అన్నాను.

"తియ్యకపోతే? వాడకట్టు ముందట నా ఇజ్జత్ ఏం గావాలె?"

అప్పటి నుంచి నాకు మనసున పట్టలేదు. పేరు తెలియని సినిమా కోసం సెలూన్ అనీ, నురగ అనీ, అన్నదమ్ములనీ నెట్‌లో వెతకని మాట లేదు. నెలల తర్వాత దొరికింది. ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకుని కిందికి దిగి సినిమా పెట్టాను. పెద్దనాయిన మాకరోనీ గిన్నె ఒళ్లో పెట్టుకుని ఒకటే నవ్వు. ఆఖరికి అన్న గుమ్మం ముందు చెయ్యెత్తాడు.

"ఆపు! ఆపు బిడ్డా!"

ఆపాను. "ఏంది పెద్దనాయిన? ఇన్నేండ్లు గిదే కదా అడిగినవ్!"

"వాడు తియ్యలేదనుకో, నేనింక పోలేను. తీసిండనుకో, మావోడు గూడ తీస్తడని ఆశవడ్త. వద్దు." లేచి తువ్వాల భుజాన వేసుకున్నారు. "ముందుగాల నేను వొయ్యొస్త."

అవతల తలుపు మూడుసార్లు చప్పుడైంది. తర్వాత ఏమీ లేదు. అంతలో మల్లేశం గొంతు వినిపించింది, ఈసారి మేకతో కాదు.

"అన్నా... అవ్వ ఆఖరుదాంక నిన్నే అడిగిందే."

గోడకు ఇవతల కూర్చుని నేనూ ఏడ్చాను. పెద్దనాయిన ఆ సినిమా ముగింపు మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఎంత ఆరాటమున్నా నేనూ చూడలేదు. కానీ అప్పటి నుంచి నేను కూడా, తీస్తారో లేదో తెలియకుండానే, నాతో మాటలు ఆగిపోయినవాళ్ల తలుపులు రెండు కొట్టాను. ఒకటి తెరుచుకుంది. రెండోదాని ముందు చాలాసేపు నిలబడి వచ్చేశాను. మళ్లీ వెళ్తాను.