సాంసన్ నల్లద్దం

సూర్యాపేట ఫోటోగ్రాఫర్ సాంసన్‌కు తాగుడు లేదు, పేకాట లేదు. నల్లద్దం ఎంచుకోవడం ఒక్కటే ఉంది. మూడేళ్లుగా ఎంచుకుంటూనే ఉన్నాడు.

నల్లద్దమంటే కెమెరా లెన్సు ముందు బిగించే ఫిల్టర్. అంచు పట్టుకుని తిప్పేకొద్దీ లోపలికి వెళ్లే వెలుతురు తగ్గుతుంది. అప్పుడు ఎండ వచ్చాక కూడా షట్టర్‌ను చాలాసేపు తెరిచి ఉంచవచ్చు. పారే నీళ్లు పాలలా పరుచుకుంటాయి. దారిన పోయే మనుషులూ బర్రెలూ మాయమైపోతారు. కదలనిది మాత్రమే ఫోటోలో మిగులుతుంది. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫోటోలు తీసుకుని బతికే మనిషికి ఇదంతా ఎందుకని నన్నడగకండి. అతని భార్య జానమ్మ అడిగి అడిగి అలసిపోయింది.

మా పత్రికకు అప్పుడప్పుడు ఫోటోలిస్తాడు కాబట్టి సాంసన్‌ను పదిహేనేళ్లుగా ఎరుగుదును. ఈ అద్దాల వేటలో మొదటి ఏడాదంతా కోదాడ చుట్టూ తిరిగాడు. అక్కడ కెమెరా దుకాణం నడిపే సాయికిరణ్, సాంసన్ స్కూటర్ చప్పుడు వినగానే రెండు టీలు చెప్పేవాడు. గంటన్నరకు తక్కువ తెమలదని తెలుసు.

“ఈ అద్దానికి ఏమైందండీ?”

“పసుపు కొడ్తంది తమ్మీ.”

“నాకు బాగానే కనబడుతోందే!”

“నీకు కాదు, కెమెరాకు కనబడాలె. తెల్లచొక్కా ఏస్కోని బయట నిలబడు.”

పసుపు పరీక్షకు తెల్లచొక్కాలు కావాలి. సూర్యాపేటలో తెల్లచొక్కా అంటే సుధాకర్. ఎన్నికలు లేని ఏడాది కూడా ఖద్దరు విప్పని మనిషి. సాంసన్ ఆయనను మార్కెట్ గేటు ముందు నిలబెట్టి ఫోటో తీశాడు. ఫోటోలో చొక్కా, ముఖం రెండూ పచ్చగా పడ్డాయి.

“ఏంరా సాంసన్, నాకు కామెర్లా?”

“నీకు కాదన్నా, అద్దానికి.”

సుధాకర్ నమ్మలేదు. దవాఖానకు పోయి రక్తపరీక్ష చేయించుకున్నాడు. కామెర్లు లేవు గానీ షుగర్ బయటపడింది. సాంసన్‌ను తిట్టాలో మెచ్చుకోవాలో ఆయనకు ఇప్పటికీ తేలలేదు.

మరో అద్దాన్ని చివరిదాకా తిప్పితే, ఫోటోలో ఆకాశం మీద మూల నుంచి మూలకు రెండు నల్లటి చారలు పడ్డాయి. జానమ్మ చేతులు జోడించింది.

“సిలువ పడ్డదయ్యా! దీన్నే కొను.”

“సిలువ గాదే, నాసిరకం. మస్తు తిప్పితే గిట్లనే పడ్తది.”

“దేవుడిచ్చింది వాపస్ చేస్తవా?”

“దేవుడియ్యలే, సాయికిరణ్ ఇచ్చిండు.”

వాపస్ చేశాడు.

మిగతా పరీక్షలన్నీ మిర్యాలగూడ దగ్గరి ఒక కాలువ గేటు మీద. ఆదివారం తెల్లవారేసరికి అక్కడుండేవాడు. ప్రార్థన ముగిసే వేళకు సూర్యాపేట చర్చి తలుపు దగ్గర తేలేవాడు. ఆ గేటు ఎత్తే లష్కర్ అచ్చయ్య అరవై దాటిన మనిషి.

“తాతా, గేటు పక్కకు నిలబడు. ఊపిరి తీస్కో, కదలకు.”

“ఎంతసేపురా?”

“ఇరవై లెక్కవెట్టు.”

పద్దెనిమిది దగ్గర అచ్చయ్యకు తుమ్ము వచ్చేది. తుమ్మితే మళ్లీ ఒకటి నుంచి. అద్దం కుదిరిందా అని ఎవరడిగినా సాంసన్ జవాబు ఒకటే: “ఇంకా కుదరలే.”

పోయిన నెల అచ్చయ్య పనికి ఎసరొచ్చింది. ఆదివారాలు పొద్దున గేటు ఎత్తే దిక్కు లేదని రెండేళ్లుగా ఎవరో ఫిర్యాదులు రాస్తున్నారు. అచ్చయ్యకు హాజరు రిజిస్టరు లేదు. ఉన్నా సంతకం రాదు. తేల్చడానికి ఇంజినీరు గేటు దగ్గరకే వచ్చాడు. వార్త కోసం నేను వెళ్లాను. సాంసన్ కెమెరా సంచీతో వచ్చాడు.

“ఆదివారాలు నువ్వు ఈడ ఉన్నట్టు రుజువేంది?” అన్నాడు ఇంజినీరు.

అచ్చయ్య గేటు పక్కకు జరిగి బిగుసుకుపోయాడు. కదలడు, పలకడు.

“మాట్లాడవేందయ్యా?”

కాసేపటికి అచ్చయ్య గట్టిగా తుమ్మాడు. “సాంసన్‌ను సూసి ఫోటో అనుకున్న సారూ.”

సాంసన్ సంచీలోంచి ఆల్బం తీశాడు. కాలువకు నీళ్లు వదిలిన ప్రతి ఆదివారానికీ ఒక ఫోటో, కింద తేదీ, సమయం. ఎత్తిన గేటు, పాలలాంటి నీళ్లు, పక్కన అచ్చయ్య.

“ఇది కాలువనా, పాలకేంద్రమా?” అంటూ ఇంజినీరు ఒక్కో పేజీ తిప్పాడు. చివరిదాకా చూసి ఫిర్యాదు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “రేపటి నుంచి రిజిస్టరు పెట్టి వేలిముద్ర తీస్కోండి. ఈయన పని ఈయన చేసుకుంటడు.”

ఆల్బం నేనూ తిప్పాను. మొదటి ఏడాది ఫోటోల్లో పసుపు, చారలు, అద్దాలకుండే జబ్బులన్నీ ఉన్నాయి. తర్వాతి రెండేళ్లవి అన్నీ ఒకే తీరు, వంక పెట్టడానికి లేదు. సాంసన్‌ను పక్కకు పిలిచాను.

“అద్దం ఎప్పుడో కుదిరింది కదా?”

“రెండేండ్లయింది సార్.”

“మరి వారం వారం ఈ తిప్పలెందుకు?”

“ఫిర్యాదు సంగతి అప్పుడే ఇన్న. నీకు సాక్షిగ వస్త తాతా అంటే ఒప్పుకోడు, రోషం మనిషి. అద్దం పరీక్ష అంటే నిలబడ్డడు.”

“అయితే ఈ ఆదివారం నుంచి ప్రార్థన మొదలుకాకముందే చర్చిలో ఉంటావన్నమాట. జానమ్మకు చెప్పనా?”

సాంసన్ ఆల్బంలోని చివరి ఫోటోను వెలుతురుకు ఎత్తి చూశాడు.

“ఆగండ్రి సార్. అంచులు జర నల్లబడుతున్నయ్. ఇంకో అద్దం సూడాలె. మీది తెల్లచొక్కానే గద, గా గేటు పక్కకు నిలబడండ్రి.”

నిలబడ్డాను. “ఊపిరి తీస్కోండ్రి” అని చెప్పి, అచ్చయ్య ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టాడు.