తోడుంటేనే పంపుతామన్న సదస్సు

మొన్న గోపాలపట్నంలో చుట్టాలింట్లో పుట్టినరోజు భోజనాలయ్యాక, మా మేనత్త కూతురు, అంటే నాకు వదిన, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, చిన్నప్పుడు తాను చర్చి ఆవరణలో ఓడవాళ్ల నాట్యం చూసి ఎలా నేర్చుకున్నదీ చెప్పి, మోకాళ్ల నొప్పితోనే రెండడుగులు వేసి చూపించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టి వరండాలోకి వచ్చేశాను. ఆ నాట్యం చూసింది వదిన కాదు, నేను.

డెబ్భైల్లో మా నాన్న హార్బరులో గుమస్తా; మేముండేది పాత ఊళ్లో, పూర్ణా మార్కెట్టుకి దగ్గర్లో. ఒకసారి సరుకు దింపడం ఆలస్యమై ఒక ఓడ చాలా రోజులు రేవులోనే ఉండిపోతే, అందులోని వెస్టిండీస్ నావికులు ఆదివారం మా చర్చికి వచ్చి, ఆరాధన అయ్యాక ఆవరణలో అరిచేతులతోనే తాళం వేసుకుంటూ, మడమ నేల విడవకుండా నడుము మాత్రం అలలా కదిలిస్తూ ఆడారు. అమ్మ చెంగు చాటునుంచి చూసిన ఆ ఆటని ఇంటికొచ్చి డైరీలో రాసుకున్నాను. యూనివర్సిటీలో చేరాక లైబ్రరీలో దొరికిన పుస్తకాలన్నీ తిరగేసి, వాళ్ల తాతముత్తాతల్ని ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకుపోయినప్పుడు ఆ అడుగులు కూడా వాళ్లతో సముద్రం దాటాయని తెలుసుకున్నాను. నలుగురిలో పేరు చెప్పడానికే గొంతు పెగలని నేను, లోలోపల దాచుకున్న సంపద అది.

ఎనభైల మొదట్లో, అలా దేశాలు దాటిన ఆఫ్రికా సంతతివాళ్ల నాట్యాల మీద హైదరాబాదులో సదస్సు జరుగుతుందని, మా యూనివర్సిటీ నుంచి ఇద్దరు విద్యార్థులకి రైలు ఛార్జీ, బస, భోజనం వాళ్లే భరిస్తారని మాకు పాఠం చెప్పే మేడమ్ చెప్పి, నేను రాసిన వ్యాసం చూసి ఒక చోటు నాకే అన్నారు. అయితే ఆడపిల్లని ఒక్కదాన్నే పంపనని, ఇంకో అమ్మాయి తోడుంటేనే అని షరతు. మా ఇంట్లోనూ అదే మాట. ఆ రోజుల్లో మనం సినిమాకెళ్లాలన్నా తోడుండాల్సిందే కదా. అందుకని మా యూనివర్సిటీలోనే చదువుతున్న వదినని బతిమాలాను. "ఏటీ, ఆఫ్రికావోళ్ల డేన్సా? దాని గురించి నాకేటి తెలుసు వదినా?" అని నవ్వింది, ఒకరినొకరం వదినా అనే పిలుచుకునేవాళ్లం. మేడమ్ ఏమడిగినా చెప్పగలిగేలా, ఆదివారాలు మా ఇంట్లో కూర్చోబెట్టి నాకు తెలిసినదంతా చెప్పాను. ఒక మధ్యాహ్నం గది తలుపు గడియపెట్టి ఆ అడుగు కూడా వేసి చూపించాను. అంతకుముందుగానీ ఆ తరువాతగానీ నేను ఇంకొకరి ఎదుట ఆడలేదు.

ప్రయాణం రోజు పొద్దున టికెట్టు కోసం వెళితే మేడమ్ ఆశ్చర్యపోయారు. నాకు రావడం ఇష్టం లేదని వదిన చెప్పిందట, నా చోటు తన స్నేహితురాలికి ఇప్పించుకుందట. బయట వరండాలో వదిన ఎదురుపడింది. నేనేమీ అడగకముందే తనే అంది.

"నువ్వక్కడ నోరిప్పవు వదినా. నలుగుర్లో నిలబెడితే ఏడిసేత్తావని నానే సెప్పేసినాను. నీ మంచికేలే."

ఇంటికొచ్చి జ్వరమన్నాను. ఇద్దరి కోసమని జంతికలు చేసి డబ్బాకెత్తిన అమ్మ, నా నుదురు తాకి చూసి, "అయ్యో, నీ తోడు నేకుండా ఆ పిల్లొక్కర్తీ ఎల్తాదేటే?" అని బాధపడి, ఆ డబ్బా నాన్నకిచ్చి స్టేషనుకి పంపింది. తిరిగొచ్చిన నాన్న, వదిన పక్కన ఎవరో అమ్మాయి ఉందని మాత్రం చెప్పి, పేపరు తీసుకున్నారు.

సదస్సులో వదిన ఆ అడుగు వేస్తే సభంతా లేచి నిలబడిందని తరువాత మేడమే మురిసిపోతూ చెప్పారు. అప్పట్నుంచి ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని క్రిస్మస్ పండగల్లో పక్కపక్కనే కూర్చుని భోంచేశామో, ఆ మాట మాత్రం మా మధ్యకి రాలేదు.

ఇప్పుడు ఆడపిల్లలు ఫోనులోనే టికెట్టు తీసుకుని, భుజానికి సంచి తగిలించుకుని ఒక్కళ్లే ఎంతెంత దూరాలో పోతున్నారు. తోడెవరని అడిగేవాళ్లు లేరు. చూస్తే ముచ్చటేస్తుంది. మనకి గడప దాటాలంటే ఇంకొకరి చెయ్యి కావలసి వచ్చేది, ఆ చెయ్యి విడిపించుకుంటే ఇంట్లో ఉండిపోవడమే. ఆ తరువాత ఉద్యోగానికైనా, ఆసుపత్రికైనా, మా ఆయన పోయాక పింఛను కోసం ఆఫీసుల చుట్టూ తిరగడానికైనా నేనెవర్నీ తోడు రమ్మనలేదు. నాది గట్టి గుండె అని చుట్టాలంతా మెచ్చుకుంటారు. వదిన కూడా.