తన పేరు తానే పిలిచిన సభ్యుడు

శాసనసభలో ఆఖరి వరుసలో, గోడవారగా, ఏసీ గొట్టం కింద ఒక సీటుంది. మండువేసవిలో కూడా చెవులకు మఫ్లరు చుట్టుకోవలసిన ఆ స్థలంలో ఒక పెద్దమనిషి తొమ్మిదేళ్లుగా ఆసీనులై ఉన్నారు. తోటి సభ్యులు ఆయనను ఫుట్‌నోటుగారు అంటారు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండి, ఎవరూ చదవకపోయినా తప్పు లేకుండా ఉండేది ఫుట్‌నోటే కదా.

రాజకీయాల్లోకి రాకముందు ఆయన చట్టాల పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారు. సభా నియమావళి ఆయన చేతి మీదుగానే నాలుగు ముద్రణలు వెలువడింది. ఆయన నియోజకవర్గం టికెట్టు కోసం పార్టీలో ఇద్దరు పెద్దలు కొట్టుకుని, చివరికి ఇద్దరూ భయపడనక్కరలేని మూడో మనిషి కోసం వెతికితే ఈయన దొరికారు. గెలిచి లోపలికి వచ్చేనాటికి నియమావళి మొత్తం నోటికి వచ్చిన సభ్యుడు ఈయన ఒక్కరే. మిగతావారికి ఆ అవసరం పడలేదు.

నియమావళి ప్రకారం వెనక వరుస సభ్యుడికి హక్కులకు లోటు లేదు. అతడు ప్రశ్న అడగవచ్చు. జవాబు వచ్చేలోగా ఆ ప్రశ్నలోని వంతెన కూలిపోతే అది వంతెన తొందరపాటు. అతడు మాట్లాడవచ్చు, అయితే సభాపతి కంట పడాలి. ఆ ఆఖరి వరుస ఒక స్తంభం చాటున ఉంది. అన్నింటికన్నా గొప్ప హక్కు, మంత్రి కానివాడు కూడా సొంతంగా బిల్లు పెట్టవచ్చు. అలాంటి బిల్లులన్నింటి చీట్లూ ఒక డబ్బాలో వేసి తిప్పుతారు. పైకి వచ్చిన చీటీకి ఒక శుక్రవారం మధ్యాహ్నం దక్కుతుంది.

ఫుట్‌నోటుగారి చీటీ తొమ్మిదేళ్లు ఆ డబ్బాలో తిరిగి తిరిగి, ఈ సమావేశాల్లో మొదటిసారి పైకి వచ్చింది. అదీ ఒకటో నంబరుగా.

ఆ బిల్లులో ఉన్నది మూడే వాక్యాలు. దుకాణాల్లో పనిచేసే ప్రతి మనిషికీ కూర్చోవడానికి ఒక స్టూలు వేయాలి. బేరం లేనప్పుడు కూర్చోనివ్వాలి. కూర్చున్నందుకు శిక్షించకూడదు. ఆయన భార్య పదిహేడేళ్లుగా ఒక పెద్ద బట్టల దుకాణంలో కౌంటరు వెనక నిలబడుతోంది. ఉదయం తొమ్మిదిన్నరకు నిలబడితే రాత్రి తొమ్మిదికి కూలబడడమే. మధ్యలో బీరువాకు ఆనుకున్నా సూపర్‌వైజరు వచ్చి, "ఏమ్మా, బీరువా పడిపోతుందని పట్టుకున్నావా?" అంటాడు. పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బిపోయాయి. పనికివెళ్లే చెప్పులు రెండు సైజులు పెద్దవి కొంటుంది.

భర్త శాసనసభ్యుడై ఉండి ఆవిడ ఇంకా ఎందుకు పనిచేస్తోందని అడిగేవారున్నారు. ఆవిడ జవాబు ఒకటే. "ఆయనది అయిదేళ్లకోసారి పోయే ఉద్యోగమండీ. నాది రోజూ నిలబడే ఉద్యోగం."

ఆ శుక్రవారం ఆవిడ సెలవు పెట్టి, తోటి పనివాళ్లు ముగ్గురిని వెంటబెట్టుకుని సందర్శకుల గ్యాలరీకి వచ్చింది. అక్కడి గార్డు, సభ నడుస్తున్నంతసేపూ లేచి నిలబడకూడదని గట్టిగా హెచ్చరించాడు. పనివేళల్లో ఇలాంటి ఆజ్ఞ వినడం వాళ్లకు పుట్టి బుద్ధెరిగి ఇదే మొదలు. నలుగురూ ముఖముఖాలు చూసుకుని బుద్ధిగా కూర్చున్నారు.

ఇక ప్రభుత్వానికి ఈ బిల్లు పచ్చి వెలక్కాయై గొంతులో పడింది. ఆడవాళ్లు నిలబడే ఉండాలని ఓటు వేస్తే పరువు పోతుంది. కూర్చోమని ఓటు వేస్తే దుకాణదారుల సంఘం పోతుంది. కనుక ఓటు దాకా రాకపోవడమే ధర్మమని పెద్దలు తీర్మానించారు. ఆ ధర్మకార్యం విప్పుగారికి అప్పగించారు. ఎవరు ఎప్పుడు ఎక్కడ కూర్చోవాలో, ఎటు చెయ్యెత్తాలో సభ్యులకు చెప్పే ఉద్యోగం ఆయనది.

మూడు గంటలకు అయిదు నిమిషాలు ముందు, గంట మోగుతుండగా, విప్పుగారు ఆఖరి వరుస దాకా నడిచి వచ్చారు. తొమ్మిదేళ్లలో ఆయన అంతదూరం రావడం అదే మొదటిసారి.

"అన్నగారూ, మీరు కాస్త పైకి దయచేయాలి. సభాపతిగారు ప్రారంభోత్సవానికి వెళ్లారు. డిప్యూటీగారికి పన్ను నొప్పి."

సభాపతి లేనప్పుడు కుర్చీలో కూర్చోవడానికి అయిదుగురు సభ్యుల జాబితా ఒకటి ఉంటుంది. ఆ ఏడాది జనవరిలో ఫుట్‌నోటుగారిని అందులో వేశారు. ఆ గౌరవం చూసి ఆయనే ఆశ్చర్యపోయారు. మిగతా నలుగురూ ఏరని ఇప్పుడడిగితే, నలుగురూ ఊళ్లో లేరని తెలిసింది. ఏకకాలంలో నలుగురికి ఊరు వదలవలసిన పని ఎలా పడిందో విప్పుగారికే ఎరుక.

"నా బిల్లుంది కదయ్యా ఇప్పుడు," అన్నారు ఫుట్‌నోటుగారు.

"పావుగంట అన్నా, అంతే. డిప్యూటీగారు పన్ను పీకించుకుని ఇలా వచ్చేస్తారు. మీకు తెలియని రూలా?"

ఆ మాటే ఆయనను కట్టిపడేసింది. తెలియని రూలైతే బాగుండేది. జాబితాలోని సభ్యుడు సభలో ఉండగా పిలుపు వస్తే కాదనరాదు. కుర్చీ ఖాళీగా ఉంటే సభ వాయిదా పడుతుంది, ఆనాటి బిల్లులన్నీ పోతాయి. కుర్చీలో ఉన్నవాడు బిల్లు పెట్టరాదు. పేరు పిలిచినప్పుడు సభ్యుడు తన సీటులో లేకపోతే ఆ బిల్లు ఏడాది పాటు మళ్లీ రాదు. సభ ఆయుష్షు ఎనిమిది నెలలే మిగిలింది. తనకు బదులు మరొకరు పెడతారని ఉత్తరం ఇవ్వవచ్చు కాని, అది ఉదయం పదకొండుకు సభ మొదలయ్యేలోపు ఇవ్వాలి. అడకత్తెరలో పోకచెక్కకైనా పక్కకు జారే సందు ఉంటుంది. ఈ అడకత్తెరకు నాలుగు ముద్రణలుగా సానపట్టింది ఆయనే.

మఫ్లరు విప్పి, మెట్లెక్కి, కుర్చీలో కూర్చున్నారు. పైన గ్యాలరీలో ఒకావిడ, "వదినా, అన్నయ్యను పైన కూర్చోబెట్టారు!" అని భార్య చేయి గిల్లింది. భార్య ముఖం చాటంతయింది. గార్డు ఉష్ అన్నాడు.

ముందుగా బల్లమీద పెట్టవలసిన కాగితాలు చదివించారు ఫుట్‌నోటుగారు. ప్రతి కాగితం శీర్షికా రెండుసార్లు చదివించారు. ఎవరైనా అభ్యంతరం చెబుతారేమోనని సభనంతా కలయజూశారు. మామూలు రోజుల్లో నిమిషానికో పాయింట్ ఆఫ్ ఆర్డర్ లేపి ప్రాణాలు తోడే సభ, ఆ వేళ ధ్యానంలో ఉన్నట్టుంది. ఇరవై నిమిషాలు గడిచాయి. డిప్యూటీగారి పన్ను ఇంకా ఊడలేదు. కింద బల్ల దగ్గరి సెక్రటరీ ఒక చీటీ పైకి పంపాడు. దానిమీద "ఐటం ఒకటి?" అని ఉంది.

ఆయన గొంతు సవరించుకుని తన పేరు పిలిచారు. ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచారు. ఆఖరి వరుసలో ఖాళీ సీటు, సీటు మీద మడతపెట్టిన మఫ్లరు కనిపించాయి. స్తంభం చాటున ఉందని తొమ్మిదేళ్లు బాధపడ్డ ఆ సీటు, కుర్చీలోంచి ఇంత స్పష్టంగా కనిపిస్తుందని ఆయనకు అప్పుడే తెలిసింది. ఇన్నాళ్లూ సభాపతులకు కనిపిస్తూనే ఉన్నారన్నమాట.

మూడోసారి పిలవబోతుండగా పక్కసీటు సభ్యుడు లేచాడు. ఆయన పూర్వాశ్రమంలో పశువుల డాక్టరు, మొహమాటం లేని మనిషి.

"అధ్యక్షా, పాయింట్ ఆఫ్ ఆర్డర్. సభ్యుడు లేడనడం అన్యాయం. ఎదురుగా కనిపిస్తున్నాడు. కావాలంటే నాడి చూస్తాను."

సభ గొల్లుమంది. ఫుట్‌నోటుగారు నవ్వలేదు. అభ్యంతరం వచ్చింది కనుక అధ్యక్షుడు రూలింగు ఇవ్వాలి. రూలింగు ఇస్తుండగా ఎవరూ అడ్డు తగలరాదు. దాని నిడివికి హద్దు లేదు. ఈ సందు ఆయనకు కనిపించకపోలేదు.

సభ ముందున్న బిల్లు ఏమిటో చెప్పనిదే రూలింగు ఇవ్వడం కుదరదని మొదలుపెట్టారు. దుకాణంలో మనిషి పదకొండున్నర గంటలు నిలబడుతుందనీ, బీరువాకు ఆనుకోవడం కూడా నేరమనీ, సాయంత్రానికి పాదాలు చెప్పుల్లో పట్టవనీ నిదానంగా, ప్రూఫు చదివినట్టు చదువుకుంటూ పోయారు. విప్పుగారు లేచారు.

"అధ్యక్షులు మాట్లాడేటప్పుడు సభ్యులు కూర్చోవాలి," అన్నారు ఫుట్‌నోటుగారు.

విప్పుగారు కూర్చున్నారు. గ్యాలరీలో నలుగురు ఆడవాళ్లు ముందుకు వంగారు. కాని రూలింగు అన్నాక చివర ఒక తీర్పు ఉండాలి. ఆయన, మనిషి సభలో ఉండడం వేరనీ, సభ్యుడు తన స్థానంలో ఉండడం వేరనీ, స్థానంలో లేనివాడు ఎదుట ఉన్నా లేనివాడే అనీ సెలవిచ్చి, మూడోసారి తన పేరు పిలిచి, బిల్లు పోయినట్టు ప్రకటించారు. మరో రెండు నిమిషాలకు డిప్యూటీగారు బుగ్గమీద చెయ్యేసుకుని వచ్చారు.

లాబీలో విప్పుగారు ఆయన చేతులు రెండూ పట్టుకుని, చరిత్రలో నిలిచిపోయే రూలింగన్నారు. అందులో అతిశయోక్తి లేదు. నెల తిరక్కుండానే ఆ రూలింగు చూపించి మరో ఇద్దరు వెనక వరుసవాళ్లను కుర్చీ ఎక్కించి, వాళ్ల బిల్లులూ సాగనంపారు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య వేడినీళ్ల బకెట్టులో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. ఆయన చేతిలో సభా కార్యాలయం దిద్దడానికి పంపిన రూలింగు నకలుంది.

"స్టూలు వస్తుందా, రాదా? అది చెప్పండి. వాళ్లు ముగ్గురూ బస్సు దిగేదాకా అడుగుతూనే ఉన్నారు."

"రాదు."

"మరి అందరూ నోరు మూసుకుని విన్నారు కదా."

"వినడం రూలు."

"మీరు పిలవకుండా, దిగి వచ్చేసి ఉంటే?"

"సభ వాయిదా పడేది. బిల్లు పోయేది."

"దిగకపోయినా పోయింది."

"పోయింది."

"అయితే దిగాల్సిందండీ. పోయేదేదో మీ సీట్లో మీరుండగా పోయేది. లేడని మీ నోటితోనే ఎందుకు చెప్పారు?"

ఆయన చేతిలోని నకలు తిప్పారు. రాసుకున్నవాళ్లు విన్నదాంట్లో తప్పులుంటే దిద్దవచ్చు, చెప్పినదాన్ని మార్చరాదు, ఇరవై నాలుగు గంటల్లో తిప్పి పంపాలి అని పైన రాసి ఉంది. మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివారు. ఒక్క తప్పు కూడా లేదు. అడుగున సంతకం చేశారు.

ఆవిడ కాళ్లు తుడుచుకుని, పొద్దున వేసుకోవడానికి పెద్ద చెప్పులు గుమ్మం దగ్గర పెట్టుకుంది.